కోటేశ్వరి మెడకు నేను వేసిన కోడ్

కరోనా రావడానికి నాలుగేళ్ల ముందు, ఏప్రిల్ ఒకటో తారీకున, తెనాలిలో నేను పనిచేసే ప్రైవేటు ఆసుపత్రిలో నన్ను మెడికల్ కోడర్‌గా వేశారు. ఆర్డరు కాగితం మీద నా పేరు కింద 'జూనియర్ కోడర్, మెడికల్ రికార్డ్స్ డిపార్ట్‌మెంట్' అని ఉంది. ఆ డిపార్ట్‌మెంటును మేమంతా ఎమ్మార్డీ అనేవాళ్లం. మెట్ల కింద రెండు గదులు, ఇనుప ర్యాకులు, రెండు కంప్యూటర్లు, బయటివాళ్లు వచ్చి అడగడానికి ఒక కౌంటరు కిటికీ. నాకు అప్పటికి నలభై తొమ్మిదేళ్లు. అదే ఆసుపత్రిలో అంతకుముందు చాలా ఏళ్లు వార్డు ఆయాగా, ఆ తర్వాత రికార్డు రూములో అటెండరుగా చేశాను.

ఈ పని ఏమిటో చాలామందికి తెలియదు కాబట్టి ముందు అది చెబుతాను. ఆసుపత్రిలో చేరిన ప్రతి మనిషికీ ఒక కేస్ షీటు ఉంటుంది. మనిషి ఇంటికి వెళ్లాక ఆ కేస్ షీటు ఎమ్మార్డీకి వస్తుంది. కోడర్ దాన్ని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివి, డాక్టరు తేల్చిన జబ్బుకు, దేశదేశాల్లో వాడే పట్టికలో ఉన్న గుర్తును వేయాలి. గుర్తులో మొదట ఒక ఇంగ్లీషు అక్షరం, తర్వాత అంకెలు. శరీరంలో ఫలానా చోట తగిలిన దెబ్బలు ఎస్ అక్షరం కింద ఉంటాయి. ఎముకల, కండరాల జబ్బులు ఎం అక్షరం కింద ఉంటాయి.

ఒక్క మెడనే తీసుకుందాం. మెడ కండరం లాగితే ఎస్ 16. ఎముకలను కలిపి ఉంచే బంధనం బెణికితే ఎస్ 13. కారణం తేలకుండా నొప్పి ఒక్కటే ఉంటే ఎం 54. మెడ ఎముకలు అరిగితే, అంటే స్పాండిలోసిస్ అయితే, ఎం 47. రోగిని అడిగితే ఈ నాలుగింటికీ ఒకటే మాట, మెడ పట్టేసిందంటారు. రికార్డులో మాత్రం చాలా తేడా ఉంది. ఎస్ వేస్తే అది ఒకనాడు తగిలి, కొన్నాళ్లకు మానే దెబ్బ. ఎం 47 వేస్తే అది మనిషితో పాటు ఉండిపోయే జబ్బు. పైగా దెబ్బ అయితే దాని పక్కన రెండో కోడ్ ఒకటి వేయాలి. ఎలా తగిలింది, ఎక్కడ తగిలింది, ఏ పని చేస్తుండగా తగిలింది అన్నవి అందులో వస్తాయి.

కోడర్‌కు ఒక కట్టుబాటు ఉంది. జబ్బు ఏమిటో తేల్చవలసింది వైద్యం చేసిన డాక్టరు. ఆయన కేస్ షీటు మొదటి పేజీలో, మేము ఫేస్ షీటు అనేదాంట్లో, అడుగున ఉన్న గడిలో తుది నిర్ధారణ రాస్తారు. మేము ఆ గడిలో ఉన్నదానికే కోడ్ వేయాలి. ఎక్స్‌రే రిపోర్టు చూసో, రక్తపరీక్ష చూసో సొంతంగా జబ్బు తేల్చకూడదు. గడి ఖాళీగా ఉన్నా, ఉన్నది అర్థం కాకపోయినా డాక్టరుకు క్వెరీ పంపాలి. క్వెరీ అంటే ఒక పేజీ ఫారం. అందులో అనుమానం రాసి పంపితే డాక్టరు జవాబు రాసి సంతకం పెట్టి తిప్పి పంపుతారు. జవాబు ఏం రావాలో ఆ ఫారంలో మనం సూచించకూడదు. నోటితో కూడా చెప్పకూడదు.

నేను చదువు ఎలా నేర్చుకున్నానో కూడా రెండు మాటల్లో చెప్పాలి. జరిగిన పొరపాటు అక్కడి నుంచే వచ్చింది. ముప్పై మూడో ఏటి దాకా నాకు అక్షరాలు రావు. అంగలకుదురులో మా పాస్టరమ్మ గారు ఆదివారం ఆరాధన అయ్యాక నలుగురు ఆడవాళ్లను కూర్చోబెట్టి, పెద్దక్షరాల బైబిలు ముందు పెట్టి నేర్పించారు. ఇంగ్లీషు అక్షరాలు వార్డులో మందుల పెట్టెల మీద నేర్చుకున్నాను. తర్వాత ఓపెన్ స్కూల్లో పదో తరగతి, గుంటూరులో ఆరు నెలల ట్రైనింగు. అన్నీ అచ్చు పుస్తకాలే. అచ్చులో ఉంటే ఎంత పొడుగు ఇంగ్లీషు మాటనైనా కూడబలుక్కుని చదివేదాన్ని. డాక్టర్ల గొలుసుకట్టు రాత మాత్రం నాకు పట్టుబడలేదు. చిన్నప్పుడు చదువుకున్నవాళ్లు రెండక్షరాలు పోల్చుకుని మిగతా మాట ఊహించేస్తారు. నేను ఒక్కో అక్షరం విడిగా చూడాలి. ఆ రాతలో ఏ అక్షరం ఎక్కడ అయిపోయిందో నాకు తెలిసేది కాదు. రికార్డు రూములో ఉన్నన్నాళ్లూ నంబరు చూసి ఫైలు తీసే పనే కాబట్టి ఇబ్బంది రాలేదు. కోడర్‌నయ్యాక వచ్చింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

కోడర్‌నై రెండేళ్లు దాటాయి. జూలై మొదటి వారం, కాలవలకు నీళ్లు వదిలిన రోజులు. మధ్యాహ్నం భోజనాల వేళ కౌంటరు కిటికీ దగ్గర ఆయాల నీలం చీర కట్టుకున్న ఒకావిడ వచ్చి నిలబడింది. ముప్పై ఏడు, ముప్పై ఎనిమిదేళ్లుంటాయి. మెడలో ప్రొబేషన్ వాళ్లకిచ్చే పసుపు కార్డు వేలాడుతోంది. పేరు కోటేశ్వరి. బాపట్ల దగ్గర పల్లెటూరు, రోజూ పొద్దున రైల్లో తెనాలి వచ్చి వెళుతుంది. ఆడవాళ్ల సర్జికల్ వార్డులో ఆయాగా చేరి మూడు నెలలు కావస్తోంది.

"మేడంగారండీ, నా పాత కాయితాలు ఒకసారి తీసి చూస్తారా అండి. నా మెడ ఎముకలు అరిగిపోయినయ్యంట. నాకు తెలియకుండా ఎప్పుడు అరిగినయ్యో చూసి చెప్పండి" అంది.

నవ్వుతూనే అంది కానీ కిటికీ చట్రం గట్టిగా పట్టుకుని ఉంది. విషయం అడిగితే చెప్పింది. ప్రొబేషన్ పూర్తయిన వాళ్లను ఖాయం చేసే ముందు మా ఆసుపత్రిలో వాళ్ల ఆరోగ్యం రికార్డు చూస్తారు. ఆమె రెండేళ్ల కిందట ఇదే ఆసుపత్రిలో ఒక రోజు ఉంది. హెచ్.ఆర్. చూసే నరేంద్ర గారు ఆమె పేరు కొడితే పాత నంబరు, దాని పక్కన ఎం 47 కనబడ్డాయి. మెడ ఎముకలు అరిగిన మనిషిని రోగులను ఎత్తి పడుకోబెట్టే పనిలో ఉంచకూడదని ఆసుపత్రి నియమం. పదో తారీకుతో ఆపేస్తామని ఆయన చెప్పారట.

ఆపేస్తే ఏం చేస్తావని అడిగాను. ఆమె ఇదివరకు నాట్ల ముఠాలో పనిచేసేది. ఇరవై మంది ఆడవాళ్లు ఒక మేస్త్రీ కింద జట్టుకట్టి ఊరూరా నాట్లు వేస్తారు. నాట్లు మొదలవక ముందే ముఠాలో పేర్లు కట్టేస్తారు. ఒకసారి పేర్లు కట్టాక మధ్యలో ఎవరినీ కలుపుకోరు, ఎవరినీ లేపరు. ఆ సీజనంతా అంతే.

"నా చోటు మా ఆడబిడ్డకి ఇచ్చేసొచ్చానండి. ఇప్పుడెళ్లి లెగమంటే లెగుద్దా" అంది.

అంటే ఈ ఉద్యోగం పోతే కోతల దాకా ఆమెకు చేయడానికి పని లేదు. ఇంట్లో పనిచేసే మనిషి తనొక్కతే అని ముందే చెప్పింది.

నంబరు చూసి ఫైలు తీశాను. పలచటి ఫైలు, ఆరు పేజీలు. ఫేస్ షీటు అడుగున తుది నిర్ధారణ గడి ఖాళీగా ఉంది. దాని పక్కన, కోడర్ రాసే చోట, ఎం 47 అని నీలం సిరాతో ఉంది. కింద నా పొడి సంతకం. రెండో కోడ్ లేదు. ఆ రోజు నేను ఏం చేశానో నాకు గుర్తు లేదు. ఫైలు చూస్తే తెలిసిపోయింది. రెండో పేజీగా ఎక్స్‌రే రిపోర్టు కుట్టి ఉంది. చక్కగా టైపు చేసి ఉంది. మెడలో ఐదు, ఆరు ఎముకల మధ్య స్పాండిలోసిస్ మొదలైన గుర్తులున్నాయని దాని సారాంశం. మూడో పేజీలో డాక్టరు చేత్తో రాసిన నాలుగు లైన్లున్నాయి. ఆ నాలుగు లైన్లు నేను చదవలేదు. చదవగలిగిన పేజీ చూసి కోడ్ వేశాను. కోడర్‌గా చేరిన నాలుగో నెలలో వేసిన కోడ్ అది.

అప్పుడేం జరిగిందో చెప్పమన్నాను. అంగలకుదురు పక్క పొలాల్లో నాట్లకు వాళ్ల ముఠా వచ్చింది. మోపులు మోసే మనిషి రాకపోతే ఆ పూట తనే నారు మోపు నెత్తికెత్తుకుంది. గట్టు మీద కాలు జారింది. పడలేదు, మోపూ వదల్లేదు. మెడ మాత్రం ఒక పక్కకు లాగేసింది. సాయంత్రానికి తల తిప్పలేకపోతే మేస్త్రీ ఆటోలో తెచ్చి చేర్చాడు. మర్నాడు పంపించేశారు. తర్వాత రెండేళ్లూ నాట్లకు, కోతలకు వెళ్లింది. మెడ మళ్లీ పట్టలేదు.

డాక్టరు గారు ఏమన్నారు అని అడిగాను. ఆమె కొంచెం కూడా తడుముకోలేదు. ఆయన ఎక్కడ నిలబడి చెప్పారో కూడా చెప్పింది.

"కండరం లాగింది, ఎముకకేం కాలేదన్నారండి. ఫోటోలో కనపడేది వయసుకొచ్చేదే, దానికి మందక్కర్లేదన్నారు. మూడు వారాలు నెత్తిన బరువెత్తొద్దన్నారు. అంతేనండి. ఎత్తలేదు, తగ్గిపోయింది."

ఆ మాటలు చెవిలో పెట్టుకుని మూడో పేజీ మళ్లీ చూశాను. కండరం లాగడానికి ఇంగ్లీషులో స్ట్రెయిన్ అంటారు. ఆ మాట ఎక్కడో ఉండాలి అని వెతికితే రెండో లైను మొదట్లో కనబడింది. దాని పక్కన మెడ, దాని పక్కన కండరం. రెండేళ్లపాటు నాకు గీతలుగా కనబడినవి అక్షరాలయ్యాయి. చదువు రాని ఆమె జ్ఞాపకం పెట్టుకుని చెబితే తప్ప నేను ఆ నాలుగు లైన్లు చదవలేకపోయాను.

కోడ్ ఎవరు వేశారని ఆమె అడగలేదు. నేనూ చెప్పలేదు. చూసి చెబుతానని వార్డుకు పంపించాను.

కంప్యూటర్లో కోడ్ మార్చడం నా చేతిలో లేదు. డిశ్చార్జి అయిన నెలకు ఫైలుకు తాళం పడుతుంది. తర్వాత మార్చాలంటే వైద్యం చేసిన డాక్టరు రాతపూర్వకంగా చెప్పాలి, మెడికల్ సూపరింటెండెంట్ ఒప్పుకోవాలి. వైద్యం చేసిన ఎముకల డాక్టరు ప్రసాదు గారు అంతకు ఏడాది ముందే మా దగ్గర మానేసి రేపల్లెలో సొంత క్లినిక్ పెట్టుకున్నారు.

ముందు నరేంద్ర గారి దగ్గరకు వెళ్లాను. ఆయన వయసులో చిన్నవాడు, మర్యాదస్తుడు. ఆమె పని బాగుందని సిస్టర్లు రాసిచ్చిన కాగితం చూపించారు. గురువారం వచ్చే ఎముకల డాక్టరుకు కూడా ఆమెను చూపించారట. మెడ ఇప్పుడు బాగానే ఉంది కానీ, రికార్డులో స్పాండిలోసిస్ ఉండగా బరువులెత్తవచ్చని తాను సంతకం పెట్టలేనని ఆ డాక్టరు చెప్పారట. అందులో తప్పు పట్టడానికేమీ లేదు.

"కంప్యూటర్లో ఉన్నదాన్నిబట్టే కదండీ నేను పోవాల్సింది. మీరు వేసిన కోడ్ తప్పయ్యే అవకాశం లేదు కదా, సుగుణమ్మగారూ" అన్నారు నరేంద్ర గారు.

నా మీద గౌరవంతోనే అన్నారు. అక్కడి నుంచి సూపరింటెండెంట్ మేడం గదికి వెళ్లాను. ఫేస్ షీటు ఖాళీగా ఉందని, క్వెరీ పంపవలసింది పంపలేదని చెప్పాను. ఎందుకు పంపలేదని మేడం అడిగారు. పొరపాటు జరిగిందండీ అన్నాను. అది అబద్ధం కాదు కానీ అడిగినదానికి జవాబు కూడా కాదు. మేడం ఇంకేమీ అడగలేదు. పోస్టులో పంపితే పదో తారీకులోగా తిరిగి రాదు కాబట్టి శనివారం నన్నే స్వయంగా రేపల్లె వెళ్లి రమ్మన్నారు. అసలు ఫైలు ఆసుపత్రి గడప దాటకూడదు. ఆరు పేజీలకూ జిరాక్సు తీసి, ఒక్కోదాని మీద మేడం సంతకం, ఆసుపత్రి ముద్ర వేయించి, క్వెరీ ఫారంతో పాటు కవర్లో పెట్టి అంటించారు.

శనివారం ఉదయం ప్యాసింజరు ఎక్కాను. వేమూరు దాటాక రెండు పక్కలా నారుమళ్లు పచ్చగా ఎదిగి ఉన్నాయి. అప్పటికే ఒకటి రెండు చోట్ల నారు పీకుతున్నారు. ఒళ్లో కవరు పెట్టుకుని, ఆయన ఏం అడిగితే ఏం చెప్పవచ్చు, ఏం చెప్పకూడదు అని ట్రైనింగులో చెప్పినవి గుర్తు చేసుకుంటూ భట్టిప్రోలు దాకా వెళ్లాను. తర్వాత గుర్తు చేసుకోవడం మానేశాను. చెప్పకూడనిది ఒక్కటే మాట, అది నాకు బాగా తెలుసు.

క్లినిక్ బస్టాండుకు దగ్గర్లోనే ఉంది. బెంచీల మీద జనం. నేను ఆసుపత్రి పని మీద వచ్చానని చెబితే కాంపౌండరు ముందు పంపిస్తానన్నాడు కానీ, రోగులు అయ్యేదాకా కూర్చున్నాను. ఒంటిగంట దాటాక లోపలికి పిలిచారు. ప్రసాదు గారు నన్ను గుర్తుపట్టారు.

"ఏంటి సుగుణమ్మా, ఇంత దూరం వచ్చావు" అన్నారు.

కవరు ఇచ్చాను. చింపి, ఫారం చదివారు. అందులో రెండు ప్రశ్నలున్నాయి. ఈ రోగిని చేర్చుకున్నప్పటి మీ తుది నిర్ధారణ ఏమిటి అన్నది మొదటిది. ఎక్స్‌రే రిపోర్టులో ఉన్న విషయానికి ఆనాడు వైద్యం చేశారా, లేదా, ఇప్పుడు చెప్పలేరా అన్నది రెండోది. ఆయనకు ఆకలిగా ఉన్నట్టుంది. పెన్ను తీసి నా వైపు చూశారు.

"ఏం రాయమంటావో చెప్పు, రాసేస్తాను."

"నేను చెప్పకూడదండి."

"మరి ఇంత దూరం ఎందుకొచ్చావు."

"మీరు చెబుతారనండి."

ఆయన నవ్వి జిరాక్సు కాగితాలు ముందుకు లాక్కున్నారు. ఆయన కూడా మొదట ఎక్స్‌రే రిపోర్టే చూశారు. అచ్చులో ఉన్న పేజీ ఎవరి కంటికైనా ముందు ఆనుతుంది కాబోలు. చదివి, "స్పాండిలోసిస్ ఉంది కదా" అని తనలో తాను అనుకుంటూ పెన్ను గడి మీద పెట్టారు.

నేను ఒక్క మాట అంటే సరిపోయేది. కండరం లాగిందని మీరే అన్నారట సార్ అంటే ఆయన అదే రాసేవారు. కానీ అప్పుడు ఆ జవాబు నాది అవుతుంది, ఆయనది కాదు. రోగిని చూడకుండా జబ్బు తేల్చినందుకే కదా నేను రేపల్లె రావలసి వచ్చింది. రెండోసారి కూడా అదే పని చేస్తే మేడం ముందు ఆ ఫారం మీద చేయి పెట్టి ఇది డాక్టరు గారి మాట అని చెప్పలేను. చెప్పకపోతే కోటేశ్వరి ఉద్యోగం పోయేలా ఉంది. ఫైల్లో ఉన్న ఏ పేజీనైనా చూడమని అడగవచ్చు. అందులో ఏముందో చెప్పకూడదు. అంతవరకు నియమం ఒప్పుకుంటుంది.

"సార్, మూడో పేజీలో మీ రాత నాలుగు లైన్లుంది. అది కూడా చూసి రాయండి" అన్నాను.

పెన్ను ఎత్తారు. పేజీ తిప్పి కళ్లకు దగ్గరగా పెట్టుకున్నారు, తర్వాత చేయి చాపి దూరంగా పట్టుకున్నారు. "ఇది నా రాతేనా" అన్నారు. అవునండీ అన్నాను. కాగితం కిటికీ వెలుతురుకు పెట్టి, పెదవులు కదుపుతూ ఒక్కో మాటా చదివారు. మూడో లైను దగ్గర ఆగిపోయారు.

"నెత్తిన మోపుతో గట్టు మీద జారి, మోపు వదల్లేదని రాసుకున్నాను చూడు. ఆవిడ గుర్తొచ్చింది నాకు. వదిలేస్తే మెడ పట్టేది కాదు కదమ్మా అని కోప్పడితే, నారు చెదిరితే ముఠా అంతా ఆగాలండీ అని నాకే సర్ది చెప్పింది."

తర్వాత నన్నేమీ అడగలేదు. మెడ కండరాల స్ట్రెయిన్ అని మొదటి గడిలో రాశారు. ఎక్స్‌రేలో ఉన్నవి ఆ వయసులో కష్టపడే మనిషికి మామూలుగా కనబడే మార్పులని, వాటికి వైద్యం చేయలేదని రెండో గడిలో రాశారు. ఫేస్ షీటు గడి నింపనిది తానేనని కింద ఇంకో లైను రాసి, దానికీ సంతకం పెట్టారు. అది నేను అడగలేదు.

ఫారం ఇవ్వబోయి ఆగి, "ఇది అప్పుడే అడిగి ఉంటే నిమిషంలో పోయేది కదా. నేను పైనే ఉండేవాణ్ని. ఎందుకడగలేదు" అన్నారు.

"మీ రాత చదవలేకపోయానండి. చదవలేనని చెబితే ఈ పనికి పనికిరానంటారని అడగలేదు."

ఆ మాట పైకి అనడం నాకదే మొదటిసారి. ఆయన నా మొహంలోకి చూడలేదు. ఫారం మళ్లీ టేబుల్ మీద పెట్టుకుని, తను రాసిన ప్రతి లైను కింద అదే విషయాన్ని విడివిడిగా, పెద్ద అక్షరాలతో ఇంకోసారి రాసి ఇచ్చారు. భోజనం చేసి వెళ్లమన్నారు. రైలుకు టైమవుతోందని వచ్చేశాను.

సోమవారం ఫారం మేడం టేబుల్ మీద పెట్టాను. రికార్డు దిద్దే పద్ధతి ఇలా ఉంటుంది. పాత కోడ్‌ను చెరపరు, సున్నం పూసినట్టు తెల్లసిరా పూయరు. దాని మీద ఒక్క గీత గీసి, అది చదవడానికి వీలుగా ఉంచి, పక్కన కొత్త కోడ్ వేసి, తేదీతో సంతకం పెడతారు. ఎం 47 మీద గీత గీసి ఎస్ 16 వేశాను. దాని పక్కన, మొదటిసారి వదిలేసిన రెండో కోడ్ కూడా వేశాను. శక్తికి మించిన శ్రమకు ఎక్స్ 50, పొలంలో జరిగినందుకు ఏడు, కూలి పనిలో ఉండగా జరిగినందుకు రెండు. నారు మోపు అన్న మాట పట్టికలో ఎక్కడా లేదు. ఉన్నవాటిలో దానికి దగ్గరైనవి అవి.

దిద్దుబాటుతో పాటు ఇంకో ఫారం నింపాలి. అందులో పొరపాటుకు కారణం అని ఒక గడి ఉంటుంది. అందరూ అందులో క్లరికల్ పొరపాటు అని రాస్తారు. నరేంద్ర గారు కూడా అదే రాసేయమన్నారు. నేను ఇలా రాశాను. ఫేస్ షీటు ఖాళీగా ఉంది, డాక్టరు గారి చేతిరాత నేను చదవలేకపోయాను, క్వెరీ పంపకుండా టైపు చేసి ఉన్న ఎక్స్‌రే రిపోర్టు చూసి కోడ్ వేశాను. మేడం అది రెండుసార్లు చదివారు. ఇలా ఇంకెన్ని ఉన్నాయి అని అడిగారు. తెలియదండీ అన్నాను.

నాకు మెమో ఇచ్చారు. ఆరు నెలలు నేను వేసిన ప్రతి కోడ్‌నూ సీనియర్ కోడర్ చూశాకే కంప్యూటర్లోకి ఎక్కించాలన్నారు. ఆ రెండేళ్లలో నేను కోడ్ వేసిన మెడ, నడుము ఫైళ్లన్నీ మేమిద్దరం మళ్లీ తీసి చూశాం. అలాంటివే ఇంకో నాలుగు దొరికాయి. మూడింటికి డాక్టర్లు జవాబు రాసిచ్చారు, దిద్దాం. నాలుగో ఫైలు రాసిన డాక్టరు గారు అప్పటికే చనిపోయారు.

కోటేశ్వరికి పదో తారీకున ఖాయం చేసిన కాగితం వచ్చింది. నరేంద్ర గారు ఆమె చేతికి ఇచ్చి, రికార్డులో పొరపాటు దిద్దారని చెప్పారట. ఆమె కాగితం తీసుకుని తిన్నగా కౌంటరు దగ్గరకు వచ్చింది. మీరే తిరిగి సరిచేయించారంట కదండీ అని సంతోషంగా అంది. ఆ కోడ్ మొదట వేసింది నేనేనని, ఎందుకు అలా వేశానో కూడా చెప్పాను.

ఆమె మొహంలో నవ్వు పోయింది. కాసేపు చేతిలో కాగితం వంక చూసింది.

"ఆదివారం మా ఆడబిడ్డ కాళ్లు పట్టుకుందామని ఎల్లానండి. గుమ్మం దాకా ఎల్లి తిరిగొచ్చాను" అంది.

ఆమే మళ్లీ అంది.

"చదవలేకపోతే రాదని చెప్పేస్తే పోయేది కదండీ. నేనెక్కడికెళ్లినా ముందు అదే చెప్తాను. అప్పుడు అవతలోళ్లే నోటితో చెప్తారు. నోటితో చెప్పింది నేను మర్చిపోను."

భోజనం టైము అయిపోయిందని వార్డుకు వెళ్లిపోయింది. తర్వాత ఎప్పుడు ఎదురైనా మామూలుగానే పలకరించేది. ఆ మాట మళ్లీ ఎత్తలేదు. నేను రిటైరైన నాటికి ఆమె అదే వార్డులో, కొత్తగా చేరిన ఆయాలకు పని చూపించే సీనియర్‌గా ఉంది.

ఆ తర్వాత నేను ఇంకో ఏడేళ్లు కోడర్‌గా చేశాను. గొలుసుకట్టు రాత చదవడం కొంత వచ్చింది, పూర్తిగా ఎప్పుడూ రాలేదు. చదవలేని పేజీ వచ్చినప్పుడల్లా క్వెరీ మీద మొదటి వాక్యంగా, మీ చేతిరాత నేను చదవలేకపోయాను, విడి అక్షరాలతో రాయగలరు అని రాసేదాన్ని. ఒకరిద్దరు డాక్టర్లు విసుక్కున్నారు. రాసివ్వని వాళ్లు లేరు. కొత్తగా పనిలో చేరిన పిల్లలకు కూడా ముందు ఆ వాక్యం రాయడమే నేర్పేదాన్ని. పట్టికలో కోడ్ వెతకడం ఆ తర్వాత.

ఈ పనిలో తెలియకపోవడానికి ఒక ఫారం ఉంది. దాన్ని నింపి పైఅంతస్తుకు పంపితే సరిపోతుంది. తెలిసినట్టు వేసిన కోడ్‌ను దిద్దాలంటే ఆ డాక్టరు ఎక్కడున్నారో వెతుక్కుంటూ వెళ్లాలి, ఆయన అప్పటికి బతికి ఉండాలి. ఆ నాలుగో ఫైలు ఇప్పటికీ ఎం 47 గానే ఉంది.